పోయొస్తానని చెప్పని ఉత్తరం

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా నాయన, పెదనాయన కలిసి పలకల ఫ్యాక్టరీ నడిపేవారు. ఫ్యాక్టరీ అనేది మేము గొప్పకు వాడుకున్న మాట. నిజానికి అదొక రేకుల షెడ్డు, దాని ముందు వరండా, సాయంత్రానికి ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో ఇంటికొచ్చే ఇద్దరు అన్నదమ్ములు, అంతే. రాతిపలకలు నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి, వరిగడ్డి పరిచిన పెట్టెల్లో సర్దేవారు. కొన్ని పెట్టెలు కర్నూలు, గుంటూరు పోయేవి. కొన్ని మద్రాసు రేవుకు పోయి ఓడ ఎక్కేవి. ఓడ ఎక్కే పెట్టెలంటే నాకు మహా మోజు. అటు గిద్దలూరు, ఇటు కనిగిరి తప్ప నేను వేరే ఊరు ఎరగను గానీ, మా పలకలు మాత్రం దర్జాగా సముద్రాలు దాటిపోతున్నాయని కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

ఒక వేసవి సెలవుల్లో, మూత మీద ఇక మేకులు కొట్టడమే తరువాయి అన్న పెట్టెలో ఒక చీటీ పెట్టాను. దానిమీద నా పేరు, తరగతి, ఊరు రాసి, నాకు ఉత్తరాలు రాసే స్నేహితురాలు కావాలని వచ్చీరాని ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను. అప్పటికి మా ఊరు ఒంగోలు జిల్లాలో కలిసినా, అలవాటు కొద్దీ కర్నూలు జిల్లా అనే రాశాను. చీటీని రెండు పలకల మధ్య దూర్చి, పైన గడ్డి కప్పి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను.

ఆ సంగతి నేనే మరిచిపోయాక, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో జవాబు వచ్చింది. అది ఘనా దేశం నుంచి. పెట్టె అక్కడ ఒక ఊరి బడికి చేరిందట. దాన్ని విప్పిన బడిపంతులు ఆ చీటీ చూసి మురిసిపోయి, తరగతిలో గట్టిగా చదివి వినిపించి, ఇంటికి తీసుకెళ్ళి నా వయసే ఉన్న తన కూతురికి ఇచ్చాడట. ఉత్తరం రాసింది ఆ పిల్లే. ఫ్యాక్టరీలో పని ఆపేసి అందరూ ఆ కవరు మీది తపాలా బిళ్ళలు చూశారు. నాయన నన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక కాసేపు మీసం సవరించుకున్నాడు. చివరికి నా మొదటి జవాబు దగ్గరుండి తనే రాయించాడు. ఆయనకు తెలిసింది వ్యాపారపు ఇంగ్లీషు. మీ ఉత్తరం అందినది, అందులోని విషయములు గమనించితిమి అనే ధోరణిలో సాగిన ఆ ఉత్తరం చదివితే, నేను స్నేహం అడుగుతున్నానో సరుకు ఆర్డరు అడుగుతున్నానో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అయినా ఆ పిల్ల నవ్వుకుని మళ్ళీ రాసింది.

ఈ ఉత్తరాల్లో నాకన్నా ఎక్కువగా మునిగిపోయింది మా పెద్దమ్మ. పెద్దమ్మంటే మా పెదనాయన భార్య, మా ఉమ్మడి ఇంటికి పెద్దదిక్కు. నాలుగు వీధుల్లో ఎవరింట్లో చావు జరిగినా పలకరింపుకు ముందు ఆమే ఉండాలి. అక్కడ ఎట్లా కూర్చోవాలో, ఏ మాట అనాలో, ఏ మాట నోట రాకూడదో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళను అత్తలు పలకరింపులకు ఆమె వెంటే పంపేవారు. ఆమె పక్కన కూర్చుంటే దుఃఖంలో ఉన్నవాళ్ళు తేలికపడడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఆ విద్య నేర్పితే వచ్చేది కాదు, ఆమె మనసులోనే ఉంది.

ఘనా నుంచి ఉత్తరం రాగానే ఆమె పొయ్యి దగ్గర పని వదిలి వచ్చి కూర్చునేది. నేను తెలుగులో చెబుతుంటే ప్రతి వాక్యానికీ ప్రశ్న వేసేది. వాళ్ళు ఏం తింటారు, బావి ఉందా, ఆ పిల్ల తల ఎట్లా దువ్వుకుంటుంది, అన్నీ కావాలి. ఆ పిల్లకు ఒక అలవాటుండేది. ఉత్తరం చివర మా ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పలకరించేది. ఒకసారి పెద్దమ్మ గురించి రాస్తే, ఆ తర్వాత ఉత్తరం నుంచి 'పెద్దమ్మ' అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి క్షేమం అడిగేది. అది చూపించిన రోజు మా పెద్దమ్మ పొంగిపోయింది. "నాకు ఓడకు అవతల గూడా ఒక బిడ్డ ఉంది" అని నీళ్ళ పంపు దగ్గర అందరికీ చెప్పుకుంది.

అట్లా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు చాలా చిన్న ఉత్తరం వచ్చింది. వాళ్ళ నాన్న, ఆ బడిపంతులు, జ్వరంతో పోయాడు. నేను చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ఆయన్ని నేను చూడలేదు, గొంతు వినలేదు. కానీ నా చీటీని పారేయకుండా జేబులో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళిన మనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. తర్వాత ముఖం కడుక్కుని రమ్మని, కాగితం కలం తెమ్మంది. మనం పోలేము కాబట్టి మన ఉత్తరం పోవాలనీ, మనం పోతే ఎట్లా నడుచుకుంటామో ఉత్తరం కూడా అట్లాగే నడుచుకోవాలనీ చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. ఏడవొద్దని రాయనివ్వలేదు, ఏడవనీ అంది. ఆయన చివరి రోజులు ఎట్లా గడిచాయో అడగమంది, చెప్పుకుంటే బరువు దిగుతుంది అంది. ఆ చీటీ సంగతి రాయమంది. మీ నాన్న లేకపోయుంటే నువ్వు నాకు దొరికేదానివే కాదు అన్న వాక్యం ఆమెదే. ఇప్పటికీ అంత మంచి వాక్యం నేను సొంతంగా రాయలేదు.

అక్కడ నన్ను ఆపేసింది. చివర రాసే మాటలు ఒక్కటీ రాయనివ్వలేదు. మా వైపు చావు జరిగిన ఇంటికి పోయినప్పుడు, వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పరు. మళ్ళీ వస్తామంటే ఆ ఇంటికి అట్లాంటి రోజు మళ్ళీ రావాలని కోరినట్టు అవుతుందని భయం. లేచి, వెనక్కి చూడకుండా మౌనంగా వచ్చేస్తారు. అదే మర్యాద, అదే ప్రేమ. అందుకని ఆ ఉత్తరంలో సెలవు లేదు, శుభాకాంక్షలు లేవు, జవాబు రాయమన్న మాట లేదు, కింద నా సంతకం కూడా లేదు. వాళ్ళ నాన్న గురించిన వాక్యంతోనే ముగిసిపోయింది. ఇంత పద్ధతిగా రాసిన ఉత్తరం ఇంకెవరూ పంపి ఉండరని నేను గర్వంగా డబ్బాలో వేసి వచ్చాను.

ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. మొదట్లో దుఃఖంలో ఉందిలే అనుకున్నాం. నెలలు గడిచాయి. పోస్టుమ్యాను మా వీధి మలుపు తిరగగానే నేను గడపలోకి వచ్చేదాన్ని, ఆయన దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. బడిలో తోటిపిల్లలు నీ ఘనా దోస్తు నిన్ను మరిచిపోయిందని ఆటపట్టించారు. నేను అన్నం సరిగ్గా తినకపోవడం పెద్దమ్మ చూస్తూనే ఉంది. ఆమె కూడా లోపల ఎంత ఎదురుచూస్తోందో నాకు తర్వాత తెలిసింది.

చివరికి వచ్చింది. నేను పెద్దమ్మ పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నీ ఉత్తరం మా అమ్మా నేనూ ఎన్నోసార్లు చదువుకున్నాం, అని రాసింది ఆ పిల్ల. అది ఎంతో బాగుంది, కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్ళిపోయినట్టు ఆగిపోయింది. కింద నీ పేరు లేదు, మళ్ళీ రాయమని లేదు. నాన్న లేని ఇంటితో స్నేహం మీవాళ్ళకు ఇష్టం లేదేమో అనుకున్నాం. నేనేదైనా తప్పుగా రాసి ఉంటే క్షమించు. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఇంత రాసి కూడా, కింద మళ్ళీ మా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడిగింది. అందరికన్నా ముందు పెద్దమ్మను అడిగింది.

పెద్దమ్మ పద్ధతిని తప్పుపట్టినవాళ్ళు మా ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ లేరు. ఇంకొకరైతే వాళ్ళకేం తెలుసు అని తీసిపారేసి ఉండేవారు. నేనూ అదే అనబోయాను, వాళ్ళకు మన పద్ధతి అర్థం కాలేదని.

"వాళ్ళకెట్ల అర్థమైతాది? మనం చెప్పినామా?" అంది పెద్దమ్మ. "తండ్రి పోయి ఏడుస్తా ఉన్న పిల్లను మనం పోయి ఇంకింత ఏడిపించి వచ్చినాం. కాగితం తే."

ఈసారి అంతా విడమరిచి రాయమంది. మా వైపు ఇట్లా చేస్తారు, ఇందుకు చేస్తారు, రాయించింది మా పెద్దమ్మ, అని తన పేరు పెట్టే రాయించింది. తర్వాత నేను కలలో కూడా ఊహించని మాట అంది. "ఇప్పుడు కింద పోయొస్తానని రాయి. మళ్ళా వస్తానని రాయి. జవాబు రాయమను. అన్నీ రాయి."

నేను కలం కింద పెట్టేశాను. "వద్దు పెద్దమ్మా, వాళ్ళింటికి మళ్ళా కీడొస్తాదని నువ్వే గదా చెప్పినావు" అన్నాను.

"ఆ కీడేదో ఉంటే నా మీదికి రానీ. ముందు ఆ పిల్ల మనసు కుదుటపడాల. రాయి."

రాశాను. ఆమె లోపలికి పోయి చెన్నకేశవస్వామి పటం ముందు దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది. ఆమె ఊరికే అన్న మాట కాదది. కీడు వస్తుందని ఆమె నిజంగానే నమ్మేది. నమ్మి, దాన్ని తన నెత్తిన వేసుకుంది. తిరిగి వచ్చి, ఉత్తరం మడవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఇంకొక్క మాట చేర్చమంది. "ఇట్లాంటప్పుడు మీ ఇంట్లో ఎట్ల చేస్తారో అడుగు. మనకు తెల్వదు గదా."

ఆ జవాబు రావడానికి ఎప్పుడూ పట్టేంత సమయమే పట్టింది గానీ, మాకు ఏడాది గడిచినట్టుంది. కవరు లావుగా ఉంది. లోపల రెండు చేతిరాతలు. స్నేహితురాలు రాసింది ఇది: వాళ్ళ ఇంట్లో పలకరింపుకు వచ్చినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పి మరీ వెళ్తారు. అట్లా చెప్పకపోతే తమను ఒంటరిగా వదిలేశారని ఇంటివాళ్ళు కుమిలిపోతారు. మేము రాసింది చదివి తల్లీ కూతుళ్ళు ఇద్దరూ నవ్వారట, ఏడ్చారట. రెండో చేతిరాత వాళ్ళమ్మది. అందులో ఉన్నది ఒకే ప్రశ్న. మీ పెద్దమ్మను నేను అక్కా అని పిలవొచ్చా అని.

"దానికి అడగాల్నా ఏంది? పిలవమను" అని కసురుకుని పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. పెదనాయన కూడా కిక్కురుమనకుండా తిన్నాడు.

ఆ తర్వాత కూడా పెద్దమ్మ పలకరింపులకు పోవడం మానలేదు. ఒక్కటి మాత్రం మారింది. వెనక వీధిలో ఒక ముస్లిం ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళింది. గడప దగ్గరే ఆగి, ఆ ఇంటి ఆడవాళ్ళను మీ ఇంట్లో ఎట్లా నడుచుకోవాలో చెప్పండమ్మా అని అడిగింది. ఇంటికొచ్చాక మా అమ్మ "నీకు తెల్వని పలకరింపు గూడా ఉందా అక్కా?" అని నవ్వితే, "ఉంది మరి" అని నవ్వుతూనే ఒప్పుకుంది. ఊరంతా సలహా అడిగే మనిషి అట్లా గడప దగ్గర ఆగి అడగడం చూశాక ఆమె మీద నా గౌరవం రెట్టింపైంది. పెద్దరికం అంటే అదేనని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దమ్మ నిండుగా బతికి వెళ్ళిపోయింది. నేనూ నా స్నేహితురాలూ ఇద్దరం అమ్మమ్మలమయ్యాం. విమానంలో వచ్చే ఉత్తరాలు పోయి ఈమెయిళ్ళు వచ్చాయి. మేము ఇంతవరకు ఒకరినొకరు ఎదురుగా చూసుకోలేదు. ఇన్నేళ్ళు ఎట్లా నిలబెట్టుకున్నారని మా పిల్లలు అడుగుతారు. పెద్ద రహస్యమేం లేదు. ఒక మాట రాస్తే అది ఎందుకు రాశానో కూడా రాస్తాను. అర్థం కాని మాట వస్తే ఊహించుకోను, అడుగుతాను. అవతలి నుంచి మాట ఆగితే అలగను, ముందు నేనే రాస్తాను. నావైపు నుంచి ఏదో చేరలేదని అనుకుంటాను. బంధువుల దగ్గరా, కోడలి దగ్గరా నన్ను నిలబెట్టింది కూడా ఈ అలవాటే.

మా వయసుకి ఇప్పుడు మౌనమంటే వేరే భయం కూడా వచ్చి చేరింది. మొన్న వానాకాలం నుంచి నా స్నేహితురాలికి ఒంట్లో బాగుండడం లేదు. పోయిన నెల రాసినదానికి జవాబు రాలేదు. నిన్న పొద్దున మళ్ళీ రాశాను. ఈ రోజు కూడా రాకపోతే, రేపు మళ్ళీ రాస్తాను.