లెక్కకు ముందు స్తోత్రం

ప్రార్థనకు ముందు గడియారం ఆపే భక్తులను నేను ఈ పుదుచ్చేరిలోనే చూశాను. ఆదివారం తెల్లవారగానే, ఊరికి ఉత్తరాన జాలరివాళ్ళ ఇసుకలో, ఒంటికి అతుక్కుపోయిన నల్లగుడ్డలు వేసుకుని పదిమంది గుండ్రంగా నిలబడతారు. ఒకరి చేయి ఒకరు పట్టుకోబోయే ముందు అందరూ మణికట్టు మీద గడియారం నొక్కుతారు. కీక్, కీక్, కీక్. ప్రార్థన నిమిషాలు కూడా లెక్కలో కలిస్తే సగటు వేగం పడిపోతుందట. నా ప్రాణం నీదే ప్రభువా అని గొంతెత్తి పాడేవాళ్ళు, ఆయనకు రెండు నిమిషాలు కూడా ఊరికే ఇవ్వరు. 'ఆమెన్' అన్న మరుక్షణం మళ్ళీ కీక్, కీక్, కీక్.

వీళ్ళు ట్రయాథ్లాన్ మనుషులు. ముందు సముద్రంలో ఈత, ఒడ్డుకు రాగానే సైకిలు, సైకిలు దిగగానే పరుగు, మధ్యలో కూర్చోవడం లేదు. మనిషికి ఒక యాతన చాలదని మూడింటిని కుట్టి ఒకటి చేసినవాడెవడో నాకు తెలియదు గానీ, వాడి మీద నాకు కోపం ఉంది. వీళ్ళంతా వేరువేరు చర్చిలకు పోయేవాళ్ళు. చర్చిలో ఆరాధన మొదలయ్యేలోపల ఈ మూడు పనులూ ముగించుకుని, తలలు తడిగానే పోయి కూర్చుంటారు. తమ గుంపును 'సహవాసం' అంటారు. ఒకరినొకరు బ్రదర్ అనీ సిస్టర్ అనీ పిలుచుకుంటారు.

వాళ్ళ ప్రార్థనలు వినాలి మీరు. ఒకరికి మోకాలు, ఒకరికి మడమ, ఒకరికి కొత్త సైకిలు సీటు. కడలూరు రోడ్డు మీద దక్షిణానికి పోయేటప్పుడు ఎదురుగాలి ఆపమంటారు, ఉత్తరానికి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎదురుగాలే ఆపమంటారు. ఒకసారి వాళ్ళలో ఒకాయన సైకిలు చక్రం ముదలియార్‌పేట దగ్గర పంక్చరైంది. ఆదివారం పొద్దున, ఎవడో పాపం, షెడ్డు తలుపు తీసి, బనియన్‌తోనే బయటికొచ్చి, పంక్చరు వేసి పంపాడు. తరువాతి వారం ఈయన దాన్ని సాక్ష్యంగా చెప్పాడు, దేవుడు తన దూతను పంపాడని. ఆ దూతకు ఒక టీ అయినా ఇప్పించారా అని నేను అడిగితే, నవ్వి నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టాడు. ప్రార్థన చేసిన ఖర్జూరాలట.

నాకు అక్కడేం పని అంటారా? నా చెల్లెలు.

మూడేళ్ళ కింద చెల్లెలి భర్త పోయాడు. ఆ తరువాత ఒక ఏడాది పాటు ఆమె అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప తనంతట తాను ఒక్క మాట మాట్లాడలేదు. రెడ్డియార్‌పాళయంలో మా అందరిదీ ఒకే ఇల్లు. అమ్మా నేనూ చేయగలిగినదంతా చేశాం. గుళ్ళు తిప్పాం, బలవంతంగా తినిపించాం, సలహాలతో చంపాం. చివరికి ఇందిరా నగర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ ఉద్యోగంలో చేరింది. ఆ డాక్టరే ఈ సహవాసానికి పెద్ద. నడుము నొప్పికి ఈత మంచిదని ఆయనా ఆయన భార్యా ఆమెను స్విమ్మింగ్ పూల్‌కు తీసుకుపోయారు. ఆరు నెలల్లో మా చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. వంటింట్లో పాట కూడా పాడింది. సంతోషించాల్సిన దాన్ని నేను. కానీ నాకు ఒళ్ళు మండింది. సొంత అక్క వల్ల కానిది, పళ్ళు పీకేవాడి వల్ల అయిందని.

మతం మారుస్తారేమోనని అమ్మ భయం. నా భయం అది కాదు. ఆమె వాళ్ళ మనిషి అయిపోతుందని, ఇక నాకు మిగలదని. ఇది అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ఆమె సముద్రంలో దిగుతానన్నప్పుడు అమ్మ నన్ను తోడు పంపింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం స్కూటర్ మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పోయేదాన్ని. ఇసుకలో వాళ్ళ సంచులకీ చెప్పులకీ పక్కన కూర్చునేదాన్ని. అందరూ నన్ను 'అక్కా' అని మర్యాదగానే పిలిచేవాళ్ళు, అదీ నాకు నచ్చేది కాదు. నేనొక నియమం పెట్టుకున్నాను. వాళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడల్లా వాళ్ళకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. సముద్రం వదిలేసి రోడ్డు వైపు తిరిగి, అక్కడ బోర్లించిన ఒక పాత పడవనూ దాని మీద ఆరేసిన చీరలనూ చూసేదాన్ని. నా అభిప్రాయం వాళ్ళకు తెలియాలి కదా. కళ్ళు మూసుకున్నవాళ్ళకు వీపు ఎలా కనిపిస్తుందని నాకు తోచలేదు.

వాళ్ళ దగ్గర నాకు నచ్చిన పద్ధతి ఒక్కటే. నీళ్ళలోకి దిగే ముందు వరసగా నిలబడి ఒక్కొక్కరూ తమ అంకె గట్టిగా చెబుతారు. ఒకటి, రెండు, మూడు, అలా. బయటికి వచ్చాక మళ్ళీ చెప్పాలి. అంతవరకూ బుద్ధిగా ఉంది. కానీ భక్తి వచ్చి దానికీ అడ్డం పడింది. ఒడ్డుకు రాగానే మొదటి ఊపిరి స్తోత్రానిదే, ఆ తరువాతే ఏదైనా అని డాక్టరు నేర్పించాడు. అందుకని తల కూడా తుడుచుకోకుండా, నీళ్ళు కారుతూనే గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకునేవాళ్ళు. అంకెలు చెప్పుకోవడం ఆమెన్ తరువాత. స్విమ్మింగ్ పూల్‌లో పుట్టిన పద్ధతి అది. అక్కడ ఎవరు ఎక్కడున్నారో కూర్చున్నచోటి నుంచే కనబడుతుంది. దాన్ని అలాగే తెచ్చి సముద్రం ముందు పెట్టారు.

ఆ ఆదివారం సముద్రం నిమ్మళంగానే ఉంది. చెల్లెలు అంతవరకూ ఒడ్డు పక్కనే ఈదింది. ఆ రోజు మొదటిసారి మిగతావాళ్ళతో పాటు లోపల లంగరేసిన పడవ దాకా పోయి, దాన్ని చుట్టి రావాలి. అది చేయగలిగితే, వచ్చే నెల పోటీలో ముగ్గురు కలిసి ఒక జట్టుగా పాల్గొనేటప్పుడు ఈత వంతు ఆమెది. పెళ్ళి ఎవరితో అని ఆమెను ఎవరూ అడగలేదు, ఏం చదువుతావని అడగలేదు, మొగుడు పోయాక ఎక్కడ ఉంటావని కూడా అడగలేదు. ఆమె నోరు తెరిచి నాకు ఇది కావాలి అన్నది ఈ ఒక్క ఈతనే.

ఈతగాళ్ళకు మధ్యమధ్య తలెత్తి చూసుకోవడానికి ఒడ్డున ఒక గుర్తు కావాలి, లేకపోతే దారి తప్పుతారు. మిగతావాళ్ళు ఏదో మేడ మీద నీళ్ళట్యాంకును గుర్తు పెట్టుకున్నారు. చెల్లెలు ముందురోజే నా బీరువా తెరిచి పసుపు చీర తీసి మంచం మీద పెట్టింది.

"దీన్ని కట్టుకోక్కా. నేను తలెత్తినప్పుడంతా నువ్వు కనపడాల."

ఇసుకలో నిలబడి, నారింజరంగు టోపీలోకి జుట్టు తోసుకుంటూ మళ్ళీ చెప్పింది. "నీకు నమ్మకం లేకపోతే పోనీలే. కండ్లుండాయి గదా. నన్నే చూస్తా ఉండు."

"సరి పోవే, చూస్తాలే," అన్నాను.

అందరి తరువాత ఆమె "పదకొండు!" అని అరిచింది. నడుముకు కట్టుకున్న నారింజరంగు గాలిసంచి వెనక తేలుతుండగా లోపలికి పోయింది.

నేను చూశాను. ఆ మాట చెప్పాలి. పడవ దాకా ఆమె వేసిన ప్రతి బారా చూశాను. ఆమె అందరికన్నా వెనక ఉంది. పడవ చుట్టూ తిరిగేటప్పుడు తలలన్నీ కలిసిపోయాయి. అందరివీ ఒకే రంగు టోపీలు, ఒకే రంగు సంచులు. తరువాత వాళ్ళు గుంపుగా ఒడ్డుకు వచ్చారు. నురగలో ఒక పొట్టిమనిషి లేచి నిలబడి టోపీ సర్దుకుంది, అచ్చం మా చెల్లెలు సర్దుకున్నట్టే. హమ్మయ్య అనుకున్నాను. నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు వాళ్ళు చేతులు పట్టుకోవడం మొదలుపెట్టారు. కీక్, కీక్. నా చెల్లెలు కూడా ఆ చేతుల మధ్య నిలబడి, వాళ్ళలాగే తల వంచుకుని ఉంటుందని అనుకున్నాను. అది నేను చూడలేను. వీపు తిప్పి రోడ్డు వైపు కూర్చున్నాను.

డాక్టరు గొంతు మంచిదే, దూరానికి కూడా వినబడుతుంది. పదకొండుమందినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చావయ్యా అని తమిళంలో కృతజ్ఞత చెబుతున్నాడు. తరువాత ఒక్కొక్కరూ అందుకున్నారు. మోకాలికి స్తోత్రం, అలలు తగ్గినందుకు స్తోత్రం, నీళ్ళలో జెల్లీచేపలు లేనందుకు స్తోత్రం. నేను బోర్లించిన పడవ మీది చీరలు లెక్కపెడుతున్నాను. నాలుగు.

ఆ పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరి నన్నూ నా వెనకనూ మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా, నీళ్ళలో ఉన్నది మీ మనిషి కాదా?" అని తమిళంలో అడిగాడు.

తిరిగాను. అలలు విరిగే చోటుకు అవతల ఒక నారింజరంగు సంచి. దాన్ని కౌగిలించుకుని ఒక తల. ఒక చేయి పైకి లేచి, అలాగే ఉండిపోయింది. ఇవతల పదిమంది కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నారు. ఎవరో ఇంకా దేనికో స్తోత్రం చెబుతున్నారు.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు. వాళ్ళు కళ్ళు తెరిచి, ముందు నన్ను చూశారు, తరువాత ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు వేలు పెట్టి లెక్కపెట్టాడు. పది దగ్గర వేలు ఆగింది. న్యాయంగా చెప్పాలంటే, అందరికన్నా ముందు పరుగెత్తింది ఆయనే. వెనక ఇద్దరు దూకారు. పిక్క పట్టేసి కాలు కదలక, ఆ సంచిని పట్టుకుని తేలుతూ ఉండిపోయింది మా చెల్లెలు. ఈడ్చుకొచ్చి ఇసుకలో కూర్చోబెడితే, ఉప్పునీళ్ళు కక్కి, వణుకుతూ నా తువ్వాల్లో ముడుచుకుంది.

ఆమె ఊపిరి కుదుటపడిందని తెలియగానే నేను లేచాను. తెలుగూ తమిళమూ కలిపి వాయించాను.

"పదకొండుమందిని చేర్చినావని ఆయనకి చెప్తారే, ఆయనకి లెక్క రాదనుకుంటిరా? పదిమందిలో ఒకరన్నా కండ్లు తెరుచుకోనుండకూడదా? మీ గడియారాలు ఆపేదానికి గుర్తుంటాది, మనిషి గుర్తుండదా? ఇదేందయ్యా మీ సహవాసం, చేతులు పట్టుకోని నిలబడితే పక్కన చెయ్యి లేదని కూడా తెలీలేదే!"

నాకు ఖర్జూరాలిచ్చిన ఆయన ఏడుస్తున్నాడు. ఒక ఆవిడ మాత్రం, కాపాడినందుకు ఒక చిన్న ప్రార్థన చేద్దామా అంది. నేను ఆమె మీదికి పోబోతుంటే డాక్టరు చేయి అడ్డం పెట్టాడు.

"ముందు అంకెలు," అన్నాడు. "తప్పు నాది అక్కా."

ఆయన "ఒకటి" అన్నాడు. ఒకరి తరువాత ఒకరు పది దాకా చెప్పారు. తువ్వాల్లోంచి, గీరుకుపోయిన గొంతుతో, మా చెల్లెలు "పదకొండు" అంది. ఆ రోజు ఇక ఎవరూ ప్రార్థన చేయలేదు, ఎవరూ సైకిలెక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద నేనొక్కదాన్నే మాట్లాడుతూ వచ్చాను. నేను ముందే చెప్పానన్నాను, వీళ్ళ భక్తి ఇట్లాంటిదేనన్నాను, ఇక నువ్వు ఆ పక్కకు పోయేది లేదన్నాను. రెడ్డియార్‌పాళయం వచ్చే ముందు సిగ్నల్ దగ్గర ఆగాం. అప్పుడు ఆమె నా భుజం మీద గడ్డం పెట్టింది.

"వాళ్ళు కండ్లు మూసుకోనుండారు, సరి. నువ్వు యాడ చూస్తా ఉండావక్కా?"

నేను అద్దంలో కూడా ఆమె వైపు చూడలేదు.

"మూడుసార్లు తలెత్తినా. పసుపు చీర కనపడె. మొగం కనపడలే."

గొంతులో కోపం ఉండి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పచ్చలైటు పడింది, వెనక బస్సు హారన్ కొట్టింది, నేను బండి పోనిచ్చాను.

రెండు వారాలు ఆగి ఆమె మళ్ళీ పోయింది, నన్ను అడగలేదు. పోటీలో తన వంతు ఈదింది కూడా. ఇప్పుడు వాళ్ళు ఒడ్డుకు రాగానే ముందు అంకెలు చెప్పుకుని, ఆ తరువాతే చేతులు పట్టుకుంటారు. గడియారాలు మాత్రం ఇంకా ఆపుతారు. నేను ఇంకా పోతున్నాను, వాళ్ళను ఇంకా ఎగతాళి చేస్తూనే ఉన్నాను. సముద్రం వైపే తిరిగి కూర్చుంటాను.

ఆ కథ మా వాళ్ళలో నాకు మంచి పేరు తెచ్చింది. చుట్టాలు ఎవరొచ్చినా చెప్పమంటారు. పదిమంది కళ్ళు మూసుకుని మోకాలికి స్తోత్రం చెప్పడం నేను నటించి చూపిస్తే అందరూ పడిపడి నవ్వుతారు. నా వీపు సంగతి నేను ఏ చుట్టానికీ చెప్పలేదు. చెల్లెలు అక్కడే కూర్చుని కాఫీ తాగుతూ వింటుంది.

పోయిన వారం మా పిన్ని వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాను. అంతా విని అమ్మకు ఇన్నాళ్ళూ రాని సందేహం వచ్చింది. "అవునే, అప్పుడు నువ్వు యాడుంటివి?" అని నన్నడిగింది.

చెల్లెలు కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"అక్క ఒడ్డుమిందనే ఉన్నిందిమా," అంది. "అక్క అరిచిందానికే నేను ఉండాను."

పిన్ని చేతులు జోడించింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, నా దగ్గరికి జరిగి, నా తల నిమరడం మొదలుపెట్టింది. ఆ చేతి కిందినుంచి తల తీయలేక నేను అలాగే కూర్చున్నాను.