బసవమ్మ చెంప మీది కట్టు

క్రోసూరు దగ్గరి ఆ ఊళ్ళో బసవమ్మ నోటికి ఎదురు లేదు. కల్లంలో కూలివాళ్ళు మిరపకాయలు తొక్కినా, పక్కింటి మేక దొడ్లోకి దూరినా, కోడలు యశోద చారులో ఉప్పు మరిచినా ఆమె నోట వచ్చేది ఒకటే మాట: "నీ నోట్లో పురుగులు పడ!" కోపానికీ అదే, మెప్పుకీ అదే. పెళ్ళిలో లడ్డూ నచ్చినా, "చేసినోడి నోట్లో పురుగులు పడ, ఎంత బాగా చేశాడే!" అనేది.

పెనిమిటి పోయాక మిరప చేను ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ఎండలో ఆకలి తెలియకుండా పొగాకు కాడ ఎడమ దవడన నొక్కి పెట్టేది. ఆ దవడలోనే పుండు లేచింది. నరసరావుపేటలో చూపించారు, గుంటూరులో క్యాన్సరని కరెంటు పెట్టించారు. చివరికి డాక్టర్లు కొడుకు వెంకటేష్‌ను పక్కకు పిలిచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పుండు చెంపను తొలుచుకుని బయటపడింది.

ఒక మధ్యాహ్నం ఆ పుండులో ఏదో మెదిలింది. బసవమ్మ వాకిట్లో వెలుగుకు కూర్చుని చేతి అద్దంలో చూసుకుంది. తెల్లగా, లోపలికి ముడుచుకుంటూ కనబడింది. అద్దం బోర్లా పెట్టేసింది.

ఆమెను వణికించింది నొప్పి కాదు. కోడలు చూస్తుంది. ఊరంతా చెవులు కొరుక్కుంటుంది, బసవమ్మ నోరు బసవమ్మకే తగిలిందని. చావుకు సిద్ధపడ్డ మనిషి ఆ మాటకు సిద్ధపడలేదు.

గొడ్ల పుండుకు పురుగు పడితే ఏం చేస్తారో తనకూ అదే చేసుకుంది. ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఉన్న కలరా ఉండలు తీసి, నూరి, ఆ పొడిని పుండులో కూరి, పాత చీర గుడ్డ కట్టింది. నిప్పులు పోసినట్టు మండింది. మంచం పట్టె బిగించి పట్టుకుని ఓర్చుకుంది. అప్పటినుంచి యశోద గంజి తెస్తే గోడ వైపు తిరిగిపోయేది.

"ఏంది అత్తా, కలరా ఉండల వాసన గుప్పుమని కొడతంది? పెట్టె తెరిచావా?"

"నా పెట్టె, నా చీరలు. నీకేందే?" మాట ముద్దముద్దగా వచ్చింది.

కానీ ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. గుడ్డ అంచు మీద ఒక పురుగు పాకుతోంది. యశోద దాన్ని చూసింది. ఆమె చూడడం బసవమ్మ చూసింది.

యశోద అరవలేదు. గిన్నె కింద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. బసవమ్మకు ఒళ్ళు మండింది.

"ఏడుస్తావేందే? అను. అనాలనుకున్న మాట అనెయ్."

"నేను ఎప్పుడో అన్నాను అత్తా. నువ్వు చారు గిన్నె విసిరేసిన రోజు, పొయ్యి కాడ కూర్చుని, నీ నోట్లోనే పడాలనుకున్నాను. నా వల్లే ఇది."

బసవమ్మ మోచేతి మీద లేచింది.

"పైకి అన్నావా?"

"లేదు. లోపల్లోపలే."

"దద్దమ్మా! పైకి అనుంటే జుట్టు పట్టుకునేదాన్ని, అక్కడికక్కడ తీరిపోయేది. అది కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ నాకు గంజి కాశావా?" నవ్వబోయింది. పుండు లాగి కళ్ళు నీళ్ళతో నిండాయి.

మర్నాడు నరసరావుపేట నుంచి ఫర్హీన్ వచ్చింది. ఇలాంటి రోగులను ఇంటికొచ్చి చూసుకునే నర్సు. గుడ్డ విప్పి నెత్తి కొట్టుకుంది.

"ఎవరు మామ్మా ఈ వైద్యం చేసింది?"

"నేనే. దూడకు తగ్గింది."

"నువ్వు దూడవా? చూడు, తోలు ఎట్టా కాలిందో. ఇంకెప్పుడూ పెట్టమాక."

"పాపం చేసినోళ్ళకే గదా అమ్మాయ్ పడేది?"

"పుండు తెరిచి ఉంటే ఈగ వాలుద్ది, గుడ్లు పెడుద్ది. అంతే మామ్మా. నువ్వు ఎవర్ని తిట్టావో దానికేం తెలుసు?"

బసవమ్మ ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుంది, యశోద వినేట్టుగా.

ఫర్హీన్ ముందు నొప్పి మాత్ర వేసి, పొడి కడిగేసి, మందులో తడిపిన గుడ్డ అంచున పెట్టింది. పురుగులు పైకి తేలాయి. సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే తీసింది. యశోద స్టీలు గిన్నె పట్టుకుంది. ఆఖరుదాకా గిన్నె వదల్లేదు. ఆ తర్వాతి రోజుల్లో ఏరడం, కడగడం, వాసన తగ్గే పొడి చల్లి కట్టు కట్టడం తనే చేసింది. పగలు కూడా మంచానికి దోమతెర దించి ఉంచింది.

పురుగులు పోయాయి. పుండు మాత్రం పెరుగుతూనే ఉంది. నోరు పూర్తిగా పడిపోకముందు బసవమ్మ ఒక్కటే అడిగింది.

"ఎవరికీ చూపించమాకే."

ఒక తెల్లవారుజామున ప్రాణం పోయింది. వెంకటేష్ బంధువులకు చెప్పడానికి ఫోను తీశాడు.

"ఆగయ్యా," అంది యశోద. నీళ్ళు కాచి తెచ్చి, పాత కట్టు విప్పి, పుండు కడిగింది.

"పోయిన మనిషికి కట్టెందుకే?"

యశోద కొత్త గుడ్డ వేసి, అంచులు అంటించి, వేలితో నొక్కి చూసుకుంది. "ఇప్పుడు చెప్పు అందరికీ," అంది. అప్పుడు ఏడ్చింది.

పొద్దెక్కేసరికి వాకిలి నిండింది. స్నానం చేయించడానికి ఆడవాళ్ళు బల్ల చుట్టూ చేరారు. వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె వంగి, యశోద చెవిలో అడిగింది: "పురుగులు పడ్డాయంట గదా, నిజమేనా? ఆ కట్టు విప్పు, నీళ్ళు పొయ్యాల."

యశోద బసవమ్మ చెంప మీద అరచెయ్యి పరిచింది.

"మెడ కింద నుంచి పొయ్యి పెద్దమ్మా. మొహం నేను కడిగాను."