నీలిదారం ఇరుక్కున్న తూటా

ఓలీటా మంచం పక్క సొరుగులో పొట్టి రివాల్వర్ ఒకటి ఉంది. అందులోని అయిదు తూటాలనూ మూడేళ్ళ కిందట బొటనవేలితో లోపలికి నెట్టినవాడు ఆమె మొగుడు డోయల్. ఆ చలికాలమే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆమె తుపాకీని తుడుస్తూనే ఉంది, నూనె పెడుతూనే ఉంది. తూటాలను మాత్రం బయటికి తీయలేదు. డోయల్ చేతులు చివరగా సర్దిపెట్టినవి ఆ ఇంట్లో ఇంకేం మిగిలాయి గనక? అతను చీల్చిపెట్టిన కట్టెలు మొదటి చలికే బూడిదయ్యాయి. అతను తెచ్చిన కాఫీపొడి ఆమె ఎంత పొదుపుగా వాడినా అయిపోయింది.

ఓలీటా పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఊళ్ళోని జీన్స్ ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంది. ఫ్యాక్టరీ మూతపడే దాకా లేవలేదు. ఆమె కుట్టిన జేబు చిరిగిందన్నవాణ్ణి ఆర్కాన్సా కొండల్లో ఎవరూ చూడలేదు. ఆ సంగతి మీకు ఆమే చెబుతుంది, అడగక్కర్లేదు. డోయల్ కోళ్ళ షెడ్లకు దాణా లారీ తోలేవాడు. అతనికి ఉన్న పిచ్చి ఒకటే, హాలో పాయింట్ తూటాలు. ముక్కు దగ్గర చిన్న గుంట ఉండే రకం అవి. ఏటా ఆకులు రాలే రోజుల్లో కొట్టం వెనక బల్లమీద ప్లాస్టిక్ పాలక్యాన్లలో నీళ్ళు నింపి వరసగా పెట్టేవాడు, తన పెద్ద పిస్తోలుతో కాల్చేవాడు. నీళ్ళలో పువ్వుల్లా విచ్చుకున్న తూటాలను ఏరి తెచ్చి వంటింటి కిటికీలో గాజుసీసాలో వేసేవాడు.

"చూడు పిల్లా, ఎట్టా విచ్చుకుందో! ఒంట్లోకి పోయి ఆడనే ఆగిపోద్ది. గోడ దాటిపోయి పక్కోళ్ళకి తగిలే పని లేదు."

"నీ తూటాల మొనగాడితనం పాలక్యాన్ల మీదేగా? నేను కుట్టిన జీన్స్‌లోంచి దూరాక విచ్చుకోమను, చూద్దాం."

"పందెమా?"

"పందెమే. ఓడినోళ్ళు నెల్లాళ్ళు గిన్నెలు తోమాలి."

గిన్నెలంటే డోయల్‌కి చచ్చేంత చిరాకు. అందుకే కాబోలు, "మంచి ప్యాంటుకి బొక్క పెట్టుకుంటామా, వచ్చే ఏడు చూద్దాంలే" అని ఏటా జారుకునేవాడు. అలా వాయిదాలు వేస్తూ వేస్తూ, చివరికి మనిషే జారుకున్నాడు.

ఈ ఏడు మొక్కజొన్న కోతలప్పుడు ఓ సాయంత్రం ఎవడో ఆమె వంటింటి తలుపు పిడి తిప్పాడు. కుక్క గొంతు చించుకుని అరిచింది. ఓలీటా రివాల్వర్ పట్టుకుని తలుపుకి ఇవతల నిలబడింది. కాసేపటికి రోడ్డుమీద ట్రక్కు కదిలిన చప్పుడైంది. షెరీఫ్‌కి ఫోన్ చేస్తే ఆ మట్టిరోడ్డు పట్టుకుని ఆయన మనుషులు వచ్చేసరికి కోడి గుడ్డు పెట్టి పొదిగేస్తుంది కూడా. ఆమెకు దిక్కు ఆ అయిదు తూటాలే.

మర్నాడు రివాల్వర్ చూపించడానికి గేలన్ కొట్టుకు వెళ్ళింది. చేపల ఎరలూ తుపాకులూ ఒకే కౌంటర్ మీద అమ్మే గేలన్, డోయల్‌తో కలిసి పాలక్యాన్లను కాల్చినవాడే. రివాల్వర్ తెరిచి చూసి నుదురు చిట్లించాడు.

"మూడేళ్ళా, ఓలీటమ్మా? మీరు పెట్టిన నూనె వీటిల్లోకి దిగి మందు చెడిందో లేదో దేవుడికెరుక. అది సరే, ఈ పొట్టి తుపాకీతో డోయలన్న వీటిని ఎప్పుడన్నా కాల్చి చూశాడా?"

"తన పెద్దదాంతో కాల్చాడుగా. సీసా నిండా పువ్వులేగా!"

"అదే మరి తిరకాసు. పెద్దదాంతో కాల్చి చూసి, అదే తూటాని పెళ్ళాం పొట్టిదాంట్లో పెట్టెయ్యటం. మా మగాళ్ళందరం చేసే ఎర్రితనమే ఇది. పొట్టి గొట్టంలో వేగం చాలదు. వచ్చినోడు మందపాటి కోటేసుకున్నాడనుకోండి, ఆ గుడ్డ ముక్కు గుంటలో ఇరుక్కుంటది. ఇంక అది విచ్చుకోదు, మేకులాగా దూసుకుపోద్ది. ఇవి తీసేసి కొత్తవి పెట్టుకోండి."

"తీయను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా?"

"తీయనన్నానా! ఇవి ఆయన పెట్టినవి గేలన్. ఆయన వేలు తగిలినవి ఇవే మిగిలినయ్."

గేలన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. పోట్లాడలేదు, మంచివాడు. "అయితే కాల్చే చూద్దాం. నాలుగు మడతల జీన్స్ గుడ్డ కావాలి, పాతదేదన్నా తీసిపెట్టండి. విచ్చుకున్నాయా, అదే రకం పెట్టె కొత్తది తెప్పించి మీకిస్తా. నా మాట నమ్మకండి, క్యాన్ల మాట నమ్మండి."

పాత జీన్స్ ఆమెకూ ఉన్నాయి. కానీ అవి కొన్నవి, పందెం తను కుట్టినవాటి మీదగా. పడగ్గది తలుపు వెనక మేకుకి డోయల్ ఆఖరి జీన్స్ మూడేళ్ళుగా ఉతక్కుండా వేలాడుతోంది. దాన్ని కుట్టిందీ, మోకాళ్ళ మీద అతుకులు వేసిందీ ఆమే. మొహం ఆనించుకుంటే ఇంకా డీజిలూ పొగాకూ వాసన వేస్తుంది. ఎన్ని సాయంత్రాలు అలా ఆనించుకుందో ఆమెకే తెలుసు. మేకు మీంచి దించి, మళ్ళీ తగిలించి, మళ్ళీ దించింది.

శనివారం గేలన్ వచ్చాడు. కొట్టం వెనక క్యాన్లు పేర్చి, ముందు క్యాన్ మీద జీన్స్ మడిచి కప్పారు. ఓలీటా రివాల్వర్ ఎత్తింది. గురి చూసి కాల్చింది. నీళ్ళు ఎగిరిపడ్డాయి. ఇంకోటి కాల్చింది. గేలన్ ఒక్కొక్క క్యానే ఎత్తి చూశాడు. అన్నిటికీ చిల్లులే, తూటాలు మాత్రం లేవు. రెండూ వెనక మట్టికట్టలో దొరికాయి. పెట్టెలోంచి తీసినట్టు నున్నగా ఉన్నాయి, విచ్చుకోలేదు. ముక్కు గుంటల్లో నీలం దారం కుక్కినట్టు బిగిసి ఉంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఇక్కడ తన్నింది ఓలీటా వేసిన అతుకు.

మిగతా మూడింటినీ గుడ్డ లేకుండా కాల్చింది. మూడూ క్యాన్లలోనే ఆగి పువ్వుల్లా విచ్చుకున్నాయి.

"చూశావా, ఆయన మాట మరీ అంత తప్పేం కాదు," అంది ఓలీటా. "దొంగెదవ బట్టలిప్పేసి వస్తే పనిచేస్తాయి!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆమె తడిసిన జీన్స్ తీసి మొహానికి ఆనించుకుంది. నీళ్ళ వాసన, కాల్చిన మందు వాసన. అంతే. డీజిలూ లేదు, పొగాకూ లేదు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో గేలన్‌కి తెలియలేదు. తలతిప్పి క్యాన్లు ఏరుతూ ఉండిపోయాడు.

వెళ్ళేముందు కొత్త తూటాల పెట్టె తెరిచాడు. పొట్టి గొట్టంలోంచి, గుడ్డలోంచి కాల్చినా విచ్చుకుంటాయని తను స్వయంగా కాల్చి చూసిన రకం. "పెట్టిమ్మంటారా?"

"వద్దు, నేనే పెట్టుకుంటా." తన జన్మలో రివాల్వర్ నింపడం ఆమెకు అదే మొదటిసారి. బొటనవేలు నొప్పి పుట్టింది.

"ఆ రెండూ ఇటివ్వండి, పిన్నీసుతో ఆ దారం లాగేస్తా."

"ముట్టుకోకు," అంది. అతను ముట్టుకోలేదు.

సాయంత్రం చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తిని, ఆ రెండు తూటాలనూ కిటికీలోని సీసాలో పువ్వుల మీద వేసింది. సీసా వంక చూస్తూ నిలబడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన వచ్చి, సాకులు చెప్పి, ఒప్పుకోనని పోట్లాడితే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"ఓడిపోయావు డోయల్," అంది పైకే. "గిన్నెలు నీవి."

కంచం, మూకుడు తొట్టిలో పెట్టి దీపం ఆర్పి వెళ్ళి పడుకుంది. తెల్లారి వచ్చి చూస్తే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.