పన్నెండు మందికి ఒకే కోటు

హైటెక్ సిటీకి ఆ పేరింకా కొత్తబట్టలా గరగరలాడుతున్న రోజులవి. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేచింది. దాని చుట్టూ బండలు, బండల మధ్య మేకలు, మేకల వెనక అప్పుడప్పుడూ మెడకు టై కట్టుకున్న కుర్రాళ్ళు. ఇంటర్నెట్ అన్న మాట అందరి నోటా నలిగేది గానీ, అదెలా ఉంటుందో కళ్ళారా చూసినవాళ్ళు మా నల్లగండ్లలో నేను తప్ప ఎవరూ లేరు. అమీర్‌పేటలో ఆర్నెల్లు వెబ్ డిజైనింగ్ నేర్చుకుని (అందులో సగం రోజులు కరెంటు లేదు), మాదాపూర్‌లో టైల్స్, కమోడ్లు అమ్మే కొట్టు పైఅంతస్తులో ఉన్న చిన్న ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను. ఇక చూడండి నా హోదా! ఎవరింట్లో టీవీలో బొమ్మ రాకపోయినా, ఫ్యాను తిరగకపోయినా "కంప్యూటర్ పిల్లను పిలువుండ్రి" అనేవాళ్ళు. నేను కూడా కాదనకుండా వెళ్ళి, ఫ్యాను వంక గంభీరంగా చూసి, ఛాయ్ తాగి వచ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా విజిల్ మామ ఇంటికి వచ్చాడు. అమ్మకు సొంత తమ్ముడు, బడిలో డ్రిల్ మాస్టారు. మెడలో విజిల్ ఆయనకు జంధ్యం లాంటిది, స్నానానికి కూడా తీసేవాడు కాదని అత్తయ్య అనేది. ఒకసారి చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర తోపులాట జరిగితే అలవాటుకొద్దీ ఊదేశాడు. వడ్డించేవాళ్ళతో సహా అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు, ఒకాయన విస్తట్లోకి సాంబారు మాత్రం ఆగకుండా పడుతూనే ఉందట. ఆ మామ ప్రతి సాయంత్రం ఊరి చివరి ఎర్రమట్టి మైదానంలో మా ఊరివాళ్ళూ, గచ్చిబౌలివాళ్ళూ కలిపి పన్నెండు మంది పిల్లలకు కబడ్డీ నేర్పేవాడు. సొంత పిల్లలు లేని మనిషి. వాళ్ళే ఆయన లోకం.

"బిడ్డా, బెంగళూరుల ఏదో కంప్యూటర్ కంపెనీ పిల్లలకు కబడ్డీ పోటీలు పెడుతున్నదంట. పద్దెనిమిదేండ్లు దాటొద్దు. మనోళ్ళకు ఇదే ఆఖరి మోక. ఈసారి పోకుంటే ఇగ వీళ్ళు ఆటో నడిపెటోడు ఆటో నడుపుతడు, మేస్త్రీ పనికి పోయెటోడు పోతడు. బయటి గ్రౌండ్ ఎట్లుంటదో ఒక్కసారన్న చూడాలె గదనే వీళ్ళు," అన్నాడు. అని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అందులో ఉన్నదేమంటే, ఆ కంపెనీవాళ్ళు కాగితాలు తీసుకోరు. ప్రతి టీమూ ఒక వెబ్‌సైట్ పెట్టుకుని ఆటగాళ్ళ ఫోటోలు, వయసు సర్టిఫికెట్లు అందులో ఎక్కించి, ఆ అడ్రసు పంపాలి. అంతా మోడ్రన్!

"ఇంతకు ఆ వెబ్‌సైట్ ఏందే? కిరాయికి దొరుకుతదా?" అని అడిగాడు మామ.

"ఫికర్ చెయ్యకు మామా, ఫ్రీగ దొరుకుతది. నేను జేస్త గద," అన్నాను. అప్పటికి నేను చేసిన వెబ్‌సైట్ల సంఖ్య చెప్పి మీ ముందు పరువు తీసుకోదల్చుకోలేదు.

ప్రపంచమంతా చూసే ఫోటోలు కాబట్టి మామ చాలా ఆలోచించాడు. మన పిల్లలు బర్రెల మీంచి దిగొచ్చినట్టు కనిపించకూడదు. అందరినీ వరసగా నడిపించుకుంటూ లింగంపల్లి స్టేషన్ దగ్గరున్న స్టూడియోకు తీసుకెళ్ళాడు. ఆ కాలం స్టూడియోల్లో మేకుకి ఒక నల్లకోటు, దాంతోపాటు వెనక ఎలాస్టిక్ ఉండే ఎర్ర టై వేలాడుతుండేవి, గుర్తుందా? ఉద్యోగానికైనా, పెళ్ళిచూపులకైనా, పాస్‌పోర్టుకైనా అదే కోటు. స్టూడియో ఆయన ఒక్కొక్కణ్ణీ కుర్చీలో కూర్చోబెట్టి, కోటు తొడిగి, వదులుంటే వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి, ముఖానికి అంగుళం మందాన పౌడరు కొట్టి, తన దువ్వెన నీళ్ళలో ముంచి పక్కపాపిడి తీసి, "నవ్వొద్దు, కదలొద్దు, ఊపిరి తీస్కోవద్దు" అన్నాడు. పన్నెండు మందీ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఫోటోలు చూసి వాళ్ళ తల్లులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, కొడుకులు ఆఫీసర్లయిపోయినంత సంబరం.

వాటిని నేను ఆఫీసులో స్కాన్ చేశాను. మా బాస్‌ను అందరం గోదావరి సారు అనేవాళ్ళం. ఎంతో మంచి మనిషి. అందరినీ అండీ అనేవారు, ఆఖరికి కంప్యూటర్‌ని కూడా. అది మొరాయిస్తే "కొంచెం త్వరగా కానివ్వండి మరి" అని దాన్నే బతిమాలేవారు. "మాస్టారి పని అంటే మన పనేనండి" అని స్కానర్ నాకు వదిలేశారు. అయితే ఫోన్ లైను మీద నడిచే ఆనాటి ఇంటర్నెట్‌లో ఒక్క ఫోటో ఎక్కాలంటే తాతలు దిగొచ్చేవారు. అందుకని నా తెలివితేటలన్నీ ఉపయోగించి ఫోటోలన్నిటినీ పోస్టల్ స్టాంపంత చేసి, కింద ఒక్కొక్కరి పేరూ, బడిలో ఇచ్చిన వయసు సర్టిఫికెటూ పెట్టి ఎక్కించేశాను. చుట్టూ మెరిసే నక్షత్రాలు కూడా పెట్టాను. అడ్రసు బెంగళూరుకు పంపి, రెండ్రోజులు నేల మీద నడవలేదనుకోండి.

మూడోనాడు బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. గోదావరి సారు ఎత్తారు. ఎస్ ఎస్ అన్నారు, నో నో అన్నారు, ఆ తర్వాత కర్చీఫ్ తీసి నుదురు తుడుచుకున్నారు. ఆ వేళకు మామ కూడా మా ఆఫీసులోనే ఉన్నాడు, కబురేమైనా వచ్చిందా అని రోజూ వచ్చేవాడు.

"మాస్టారూ, ఏమనుకోకండి," అన్నారు సారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి. "ఒకే కుర్రాడి ఫోటో పన్నెండు పేర్లతో పెట్టి మోసం చేస్తున్నామంటున్నాడండి. అదే కోటు, అదే టై, అదే పాపిడి, అదే ముఖం అంటాడు. పైగా పుట్టినరోజులు కూడా అన్నీ జూన్ మొదటి వారంలోనే ఉన్నాయటండి."

నేను కంప్యూటర్‌లో దాచుకున్న పేజీ తెరిచి చూశాను. నిజమే! నేను కుదించిన సైజులో కోటు, దాని మీద గోధుమరంగు గుడ్డు తప్ప ఇంకేం కనిపించడం లేదు. పన్నెండు కోట్లు, పన్నెండు గుడ్లు. ఇక పుట్టినరోజుల సంగతంటారా, మా ఊళ్ళో పిల్లణ్ణి బడిలో చేర్పించేటప్పుడు తేదీ ఏ తల్లికి గుర్తుంటుంది? "వానలు మొదలైనప్పుడు పుట్టిండు సారూ" అని ఒకామె, "అగో, వాడు పుట్టినంక నెలకు వీడు" అని ఇంకొకామె. బడి పంతులు పిల్లణ్ణి చేర్చుకున్న నెలనే పుట్టిన నెలగా రాసేవారు. మా ఊరి పిల్లలందరూ జూన్‌లో బడి తలుపులు తెరవగానే పుట్టేవాళ్ళు.

నాకు నవ్వొచ్చింది కానీ మామను చూసి ఆగిపోయింది. ఆయన మెట్ల మీద కూర్చుని, మెడలో విజిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెడ బోసిగా ఉంది. "ఇన్నేండ్లు ఒక్క పోరడి వయసు దాచలే, ఒక్క పాయింట్ దొంగలెక్క రాయలే. నేను దొంగనైతినా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

ఆ రోజు గోదావరి సారు తన జన్మలో వాడని ఇంగ్లీషంతా వాడేశారు. కోటు చరిత్ర, పౌడరు చరిత్ర, జూన్ నెల మహాత్మ్యం, అన్నీ చెప్పారు. ఆఖరికి అవతలి మనిషి కాస్త మెత్తబడి, పన్నెండు మందీ ఒకే ఫోటోలో, ముఖాలు గుర్తుపట్టేంత పెద్దగా కనిపించాలన్నాడు. రేపు సాయంత్రం అయిదింటిలోగా అదే వెబ్‌సైట్‌లో ఉండాలి. లేదంటే పేరు కొట్టేస్తారు.

మర్నాడు పొద్దున్నే మైదానంలో ఫోటో. పిల్లలు నిక్కర్లతో, మోకాళ్ళకు ఎర్రమట్టితో వచ్చి నిలబడ్డారు. స్టూడియో ఆయన స్కూటర్ మీద వచ్చాడు, అలవాటుగా కోటు కూడా తెచ్చాడు. "ఆ కోటు గిన మళ్ళ కనపడ్డదంటే పీలికలు పీలికలు చేస్త!" అని మామ అరిచిన అరుపుకు ఆయన కోటును స్కూటర్ డిక్కీలో కుక్కేశాడు. కలర్ అయితే రెండ్రోజులు పడుతుందని బ్లాక్ అండ్ వైట్ తీసి, తనే కడిగి, తడి ఆరని ఫోటోను మధ్యాహ్నానికల్లా చేతికిచ్చాడు. అందరూ బస్సెక్కి మా ఆఫీసులో దిగారు.

ఇక అసలు రామాయణం మొదలైంది. ఫోటో పెద్దది, ఎక్కడానికి అరగంట పైన పడుతుంది. ఆ అరగంటలో మా నంబరుకు ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, లైన్ తెగిపోయి మళ్ళీ మొదటికి రావాలి. (సారు ముచ్చటపడి కాల్ వెయిటింగ్ పెట్టించుకున్న ఫలం. దాన్ని ఎలా తీయాలో ఎవరికీ తెలీదు.) మొదటిసారి సగం ఎక్కాక ఫోన్ మోగింది. కింది కొట్టు నంబరుకూ మాకూ ఒక్క అంకె తేడా. "గులాబీ రంగు కమోడ్ ఉందా?" అని ఎవరో. లేదని చెప్పి మళ్ళీ మొదలుపెట్టాం. రెండోసారి మూసాపేట నుంచి సారు భార్య, గ్యాస్ బండ రాలేదని. సారు ఎంతో వినయంగా "సాయంత్రం దాకా ఫోన్ చెయ్యకండి, చాలా అర్జెంటు" అన్నారు. భార్యతో అనకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. "ఎందుకు చెయ్యకూడదండీ? అసలు అక్కడ ఏం జరుగుతోందండీ?" అని ఆవిడ పావుగంటకోసారి చెయ్యడం మొదలుపెట్టారు.

నాలుగోసారి తెగాక మామ లేచాడు. విజిల్ మళ్ళీ మెడలోకి వచ్చింది. "లైన్ దాటనియ్యొద్దు, అంతే గద? ఇది మన ఆటనే," అని పొట్టోడినీ బండోడినీ ముందుకు పిలిచాడు. టీమ్‌లో పొట్టోడి అంత వేగం, బండోడి అంత బలం ఎవరికీ లేవు. "ఆటోల మూసాపేట పోండ్రి. మేడమ్ చెయ్యి ఫోన్ మీదికి పోవద్దు. మర్యాదగ మాట్లాడాలె. బండోడా, పట్టు గిట్ల పడ్తవేమో, జర జాగ్రత్త!"

వాళ్ళు వెళ్ళి తలుపు కొట్టి, "అమ్మా, సారు పంపిండు" అని నిలబడ్డారట. ఆవిడకు ఆ మట్టి మోకాళ్ళు, ఎండిన మొహాలు చూడగానే అనుమానాలన్నీ ఎగిరిపోయాయి. "అయ్యో, పిల్లలు ఏమైనా తిన్నారో లేదో!" అని పెసరట్లు వెయ్యడం మొదలుపెట్టారు. బండోడు తినే వేగానికి అట్ల కాడ కింద పెట్టే తీరిక ఆవిడకు దొరకలేదు, ఇక ఫోనెక్కడ? ఇక్కడేమో మేమందరం తెర మీద మెల్లగా పాకుతున్న నీలం గీత వంక ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. సారు "కానివ్వండి, కానివ్వండి" అంటున్నారు. కమోడ్లు కావల్సినవాళ్ళ మనసులు మార్చమని మామ మైసమ్మకు మొక్కుకున్నాడు. అయిదింటికి పావుగంట ఉందనగా గీత నిండింది. ఎక్కింది! మామ ఊదిన విజిల్‌కు కింది కొట్టులో ఏదో పగిలింది.

అయిదు దాటాక బెంగళూరు ఫోన్ వచ్చింది. సారు విని, పగలబడి నవ్వుతూ మావైపు తిరిగారు. "లెక్కపెట్టాడటండి. పన్నెండు మంది పిల్లలు, వెనక ఒక మేక. పిల్లల్ని రమ్మన్నాడు. మేకకు వయసు సర్టిఫికెట్ అక్కర్లేదటండి."

పిల్లలు గోల గోల చేశారు. మామ మాత్రం గోడవైపు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

బెంగళూరులో మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడిపోయారు. తిరిగొచ్చాక మామ ఒక్కడే మా ఆఫీసుకు వచ్చి, ఆ ఫోటోను మొదటిసారి తెర మీద తీరిగ్గా చూసుకున్నాడు. "పోటీలు అయిపోయినయి గద, ఇగ తీసేస్తరా దీన్ని?" అని అడిగాడు. "ఎందుకు తీస్తరు మామా? ఇంటర్నెట్‌ల పెట్టినంక ఇగ ఎప్పటికీ ఉంటది. మనం పోయినా అది ఉంటది," అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఎంత గట్టిగా చెప్పానో! ఆయన తల ఊపి, తెరను అరచేత్తో ఒకసారి తుడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ నాకు తెలీలేదు, ఫ్రీగా చోటిచ్చిన ఆ కంపెనీ ఎప్పుడో మూతబడిందని, మా పేజీ, నక్షత్రాలు, ఫోటో అన్నీ దాంతోపాటే పోయాయని. మామకు చెప్పలేదు. ఎట్లా చెప్తాను? ఇంటికి ఎవరొచ్చినా "మా పోరగాళ్ళు ఇంటర్నెట్‌ల ఉన్నరు" అని చెప్పుకుంటాడాయన.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. డెబ్బై దాటాయి, కళ్ళకు శుక్లాలు. ఆపరేషన్ వచ్చే వారం. పక్కన కూర్చోబెట్టుకుని, "బిడ్డా, ఆపరేషన్ ఎట్లయితదో ఏమో. ఒక్కసారి నా టీమ్‌ను చూపెట్టు," అన్నాడు. ఫోన్ తీసి, వేళ్ళకు ఇంకా గుర్తున్న ఆ పాత అడ్రసు కొట్టాను. తెల్లటి పేజీ వచ్చింది, దొరకలేదన్న ఒక ముక్కతో.

"వచ్చిందా?"

"లోడ్ అయితుంది మామా. నెట్ జర స్లో ఉన్నది."

"కానీయ్, పరేషాన్ గాకు," అని ఫోన్ అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ తెల్లటి తెర మీద వేలు ఎడమనుంచి కుడికి కదలడం మొదలైంది. "అగో, పొట్టోడు... ఎప్పుడు జూసినా ముందే ఉంటడు. వీడు బండోడు, వీని పట్టుల పడ్డోడు ఒక్కడన్న పోయిండా? గీడు మా నల్లోడు, కాలు ఇరిగినా ఆడిండు..." ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఒక్కొక్కరినీ పలకరించి, పన్నెండో వాడి దాకా వెళ్ళాడు. ముఖమంతా వెలుగు. "వచ్చింది బిడ్డా. మొత్తం వచ్చింది," అన్నాడు.

కంప్యూటర్ పిల్లగా ఉన్న రోజుల్లోనైతే పేజీలు ఎందుకు పోతాయో అరగంట క్లాసు పీకేదాన్ని. ఇప్పుడు ఫోన్ పట్టుకున్న ఆయన చేతి కింద నా చెయ్యి ఆనించి, "అవును మామా, మంచిగొచ్చింది," అన్నాను.