మద్రాసు వాన

నా పైచదువు మద్రాసులోనా, అనంతపురంలోనా అన్న సంగతి తేల్చింది నేను కాదు, మా నాయనా కాదు. ఆరుద్ర కార్తె. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనీ. మార్కులు చూసి కాలేజీ ఎంచుకునేవాళ్లకు మబ్బులు చూసి ఎంచుకోవడం ఎట్లా అర్థమవుతుంది?

అరవైల మొదట్లో మాట. మా ఊరు కళ్యాణదుర్గం పక్కనే, వంకకు అవతల. వంక అన్నానే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు దాంట్లో ఇసుకే పారుతుండేది. బస్సు ఆ ఇసుకలోకి దిగి, మూలిగి, తిట్లు తిని, ఎట్లాగో గట్టెక్కేది. ఆ బస్సులోనే హైస్కూలుకు పోయి వచ్చి నేనూ ఎస్సెల్సీ గట్టెక్కాను. మా ఊళ్లో అంతవరకు చదివిన ఆడపిల్లను నేనే. ఈ గొప్ప ఇప్పటికీ వదులుకోను.

మా సైన్సు టీచరమ్మ మద్రాసులో ఆడపిల్లల కాలేజీలో చదువుకున్న మనిషి. రిజల్టు వచ్చిన వారానికే ఆ కాలేజీ అప్లికేషన్ తెప్పించి, నాతో నింపించి, కవరు మీద అడ్రసు తనే రాసి మా నాయన చేతిలో పెట్టింది. "పిల్లను ఆడ చేర్పించప్పా. ఆ కాలేజీలో చదివినానంటే యాడికి పోయినా కుర్చీ వేసి కూర్చోబెడతారు" అంది. కుర్చీ మాట మా నాయనకు బాగా పట్టింది. ఐదో తరగతి చదివిన మెట్ట రైతు. ఏ ఆఫీసుకు పోయినా నిలబడే మాట్లాడి వచ్చిన మనిషి. ఆ సాయంత్రమే టీ హోటల్లో పదిమందిలో, "మా పాప మద్రాసులో సదువుతాది" అనేశాడు. అనేసి ఇంటికొచ్చి, ఏం పెట్టి చదివించాలా అని తల పట్టుకున్నాడు.

మా అమ్మకు గొప్పలు పట్టవు. "హాస్టలుకు, తిండికి, రైలుకు, ఆడ నలుగురిలో కట్టుకునే చీరలకు, దుడ్లు యాడివి? అనంతపురంలో మా చెల్లెలి ఇల్లుండాది. ఆడే తిని, ఆడే పండుకోని, నడిచి కాలేజీకి పోయి వస్తాది. ఆడ చెప్పే పాఠం పాఠం కాదా?" అంది.

న్యాయమే. అనంతపురం కాలేజీకేం తక్కువ? మంచి పేరున్న కాలేజీ. తక్కువల్లా మా చిన్నమ్మ ఇంట్లోనే. చిన్నమ్మ బంగారం లాంటి మనిషి, కాకపోతే ఐదుగురు పిల్లలు, ఆరో బిడ్డ కడుపులో. ఆ ఇంటికి వేసవి సెలవులకు పోయినప్పుడల్లా ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకడికి ముక్కు తుడుస్తూ ఉండేదాన్ని. ఆ ఇంట్లో కెమిస్ట్రీ చదవడమా? రామ రామా! నాకు మద్రాసే కావాలి. ఆ కోరిక ఎంతంటే, రాత్రీ పగలూ అదే ధ్యాస. టీచరమ్మ చెప్పిన లైబ్రరీ, పరికరాలు బారులు తీరిన లాబొరేటరీ, పిల్లకొక మంచం, మంచానికొక దీపం. మా ఇంట్లో నాకంటూ ఒక దిండు కూడా ఉండేది కాదు.

ఇంక మా అవ్వ. నాయనను కన్నతల్లి, నన్ను పెంచినది. ఆమె లెక్క వేరు. "అనంతపురమైతే శనివారం శనివారం వస్తాది. మద్రాసు పోతే పిల్ల మొగం యాడ సూడాల? సముద్రం పక్కన ఊరంట. ఉప్పునీళ్లు తాగి ఏం సదువుతాది?" అని ముక్కు చీదేది. సముద్రం పక్కన బావులుంటాయవ్వా అంటే, "నువ్వు సూసొచ్చినావా?" అని నా మీదికే వచ్చేది.

ఇంట్లో ముగ్గురమూ తలా ఒక మాట పట్టుకుని లాగుతుంటే నాయనకు విసుగెత్తింది. ఒకనాడు పంచె దులుపుకుని లేచి నిలబడి తీర్పు చెప్పేశాడు. "పదును వాన పడితే మద్రాసు. పడకుంటే అనంతపురం. ఇంగ ఎవురూ నోరెత్తొద్దు!"

మా వైపు వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. పదును వాన అంటే గొర్రు దిగి విత్తనం వేయడానికి చాలినంత తడి. విత్తనం నేలలో పడిందంటే వేరుసెనగ మండీవాళ్లు రాబోయే పంట మీద ముందుగానే దుడ్లు ఇస్తారు. వాన లేదంటే గడప తొక్కనివ్వరు. అప్లికేషన్ నెలాఖరుకు మద్రాసు చేరాలి. పోస్టుకు రెండు మూడు రోజులు పోను, ఆలోపలే ఆరుద్ర వాన పడాలి. అదీ నా బతుకు.

నాయన తీర్పు సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ రోజు నుంచి నేను వీధిలోకి పోతే చాలు, "ఏం పాపా, అది మద్రాసు మబ్బా, అనంతపురం మబ్బా?" అని ఒకటే ఆటపట్టించడం. మబ్బు కమ్మి, నాలుగు చినుకులు రాల్చి గాలికి కొట్టుకుపోతే, "ఇది గుంతకల్లు దాకా పోయి రైలు దొరక్క వాపసొచ్చిందిలే" అని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మండినా ఏం చేస్తాను, మళ్లీ పడమటి దిక్కే చూసేదాన్ని.

అట్లాంటి రోజుల్లో అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మే, ఆ మద్రాసోళ్లు ఏ తేదీ దాకా తీసుకుంటారు?" అని అడిగింది. అబ్బ, అవ్వ మనసు కరిగింది అనుకుని తేదీ, పోస్టుకు పట్టే రోజులు, అన్నీ వేళ్ల మీద లెక్కబెట్టి మరీ చెప్పాను.

ఆ గురువారం ఊరి బయట దర్గాకు పోయాం. కులమేదైనా మా ఊళ్లో వాన అడగాలంటే అందరూ ఆ దర్గాకే పోతారు. అవ్వ చక్కెర, ఊదుబత్తీలు ఇచ్చి, కొంగు నెత్తిన కప్పుకుని, గట్టిగానే మొదలుపెట్టింది. ఆమెకు కాస్త చెవుడు, దేవుడికీ చెవుడే అనుకుంటుంది.

"సామీ, వాన పడాల. పడకుంటే మేము యాడికి పోయి బతకాల? పడొద్దని నేనంటే నా నోరు పడిపోనీ. కానీ నెలాఖరు దాటినాక పడనీ. పిల్ల మద్రాసుకు పోకుండా ఆగిపోతాది. నాలుగు దినాలు ఆలిస్యమైతే నీ సొమ్మేం పోతాది?"

దర్గా చూసుకునే ముజావరు నెమలీకల కుచ్చు చేత్తో పట్టుకునే నవ్వేశాడు. "ఏమవ్వా, సామికే తేదీలు చెప్తాండావే!"

నాకు నవ్వు రాలేదు. కడుపు మండిపోయింది. తేదీ చెప్పింది నేనే కదా! ఇంటికి వచ్చేదాకా అవ్వతో మాట్లాడలేదు. ఆమెకు అది తెలిసినట్టు కూడా లేదు, ముజావరు ప్రసాదంగా ఇచ్చిన చక్కెర బాగాలేదని దారి పొడుగునా గొణుగుతూనే వచ్చింది.

వాన వచ్చింది. తేదీ దాటక ముందే వచ్చింది. ఇంక రేపైనా పోస్టులో పడితేనే చేరుతుంది అనుకుంటున్న రోజు, మధ్యాహ్నం తిరిగాక పడమర నల్లబడి, గాలి లేచి, కళ్లు మూసి తెరిచేలోగా కుండపోత. మూడేళ్లుగా అట్లాంటి వాన చూడలేదు మేము. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. "మద్రాసు వాన పడిందప్పోయ్!" అని హోటలాయన కేక పెట్టాడు. నేను సిగ్గు ఎగ్గు లేకుండా గంతులేశాను. నాయన పంచె మోకాళ్లపైకి కట్టి, చేతిలో మన్ను తీసుకుని పిసికి చూసుకుంటూ ఒకటే నవ్వు.

తెల్లారేసరికి ఇల్లు ఇల్లులా లేదు. ఎద్దులు, గొర్రు, విత్తనం బుట్టలు. పదును రెండు మూడు రోజులే నిలుస్తుంది, ఆ రోజుల్లో చేతులున్న వాళ్లందరూ పొలంలో ఉండాల్సిందే. గొర్రు వెనక నడుస్తూ గింజ వదిలేది ఆడవాళ్లు. అమ్మా, నేనూ మార్చి మార్చి వదలాలి.

"నాయనా, మద్రాసు?" అన్నాను.

"యా మద్రాసు మే? పదును పోతాది, బుట్ట పట్టు!" అన్నాడు నాయన, ఎద్దుల మీద నుంచి కళ్లు తిప్పకుండా.

నిజంగానే మరిచిపోయాడు! వాన సంబరంలో మద్రాసు కొట్టుకుపోయింది. రెండో క్షణానికి గుర్తొచ్చి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "వంక పారుతాండాది పాపా. బస్సు రాదు. దాటి కళ్యాణదుర్గం పోస్టాఫీసుకు పోయి వచ్చేసరికి ఒక పొద్దు పోతాది. నేను పోతే గొర్రు ఎవురు పట్టాల? నువ్వు పోతే వంక ఎట్ల దాటుతావు?" అన్నాడు. రేపు చూద్దామని కూడా అనలేదు. రేపటికి లాభం లేదని ఆయనకూ తెలుసు.

మూడేళ్లకు దక్కిన పదును. ఏడ్చుకుంటూనే గింజ వదిలాను. ఏ కన్నీళ్లు ఏ సాలులో పడ్డాయో గానీ వరస మాత్రం తప్పలేదు. అంతలో వాన మీదే కోపమొచ్చింది. నన్ను మద్రాసు పంపాల్సిన వాన వంక నింపి దారి మూసేసింది.

మధ్యాహ్నం సంగటి తేవాల్సిన అవ్వ రాలేదు. పక్కింటామె తెచ్చింది. "మీ యవ్వ పొద్దున్నే వంక దిక్కు పోయింది. గూట్లో ఉన్న కవరేదో బుట్టలో పెట్టుకోని పోయింది" అంది.

గూట్లో ఉన్నది నా అప్లికేషన్ ఒక్కటే. "అయిపాయ. వంకలో పారేసేదానికే తీసుకుపోయింది" అన్నాను. దర్గాలో ఆమె అడిగిందంతా అమ్మకు, నాయనకు చెప్పేశాను. నాయన ఎద్దులను నిలబెట్టి, కాసేపు వంక దిక్కు చూసి, మళ్లీ గొర్రు పట్టాడు. అంతకన్నా ఏం చేస్తాడు పాపం.

పొద్దు వాలే వేళకు పొలం గట్టు మీద అవ్వ ప్రత్యక్షమైంది. చీర నడుము దాకా తడిసి, ఎర్రమన్ను పూసుకుని ఉంది. రావడం రావడమే నాయన మీద పడింది. "ఎద్దులకు నీళ్లు తాపినావా లేదా? నోరు లేని జీవాలు!" తరవాత కొంగుముడి విప్పి, పోస్టాఫీసు రసీదు తీసి నా చేతిలో పెట్టింది. "గొర్రెలోళ్లు చెయ్యి పట్టి దాటించిరి. బుట్ట నెత్తిన పెట్టుకుంటి, నీ కాగితం తడవలేదులే. ఇది మద్రాసు చేరకుంటే నీ పని చెప్తానని ఆ పోస్టాయనకు చెప్పొస్తి" అంది.

"పోవద్దని మొక్కుకుంటివి కదవ్వా?"

"మొక్కుకుంటి. ఎవురు కాదన్న్యారు? సామి ఇనలేదు. నెల లోపలే ఇచ్చినాడు." అవ్వ నా చేతిలో బుట్ట తీసుకుని గింజలు తడిమి చూసింది. "వాన పడితే మద్రాసని మీ నాయన ఊరందరి ముందర అనె. వాన తీసుకుంటిమి. మాట తప్పితే వచ్చే ఏడు ఏ మొగం పెట్టుకోని అడగాల మే?"

నాయన తల వంచుకుని ఎద్దులకు నీళ్లు తేవడానికి పోయాడు. నేను ఆ తడి చీరనే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఇడువు మే, పదును ఆరిపోతాది" అని విదిలించుకుని బుట్ట నడుముకు ఎత్తుకుంది.

మద్రాసు నుంచి సీటు కార్డు వచ్చింది. మండీవాళ్లు దుడ్లు ఇచ్చారు. నేను బయలుదేరే నాటికి చేలో మొలకలు నాలుగాకులు వేశాయి, వంకలో మళ్లీ ఇసుకే మిగిలింది. బస్సు దగ్గర అమ్మ చెప్పే జాగ్రత్తలు ఒక పట్టాన తెమలడం లేదు. నాయన నా ట్రంకుపెట్టె పైకెక్కించి, మద్రాసు అన్న మాట కండక్టరుకు రెండుసార్లు వినిపించాడు. అవ్వ కిటికీ దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకుంది.

"దసరాకు సెలవులు ఏ తేదీన ఇస్తారు మే?"

తేదీ అనగానే నాకు నవ్వొచ్చింది. "ఎందుకవ్వా?"

"నువ్వొచ్చే పొద్దు వంక పారితే నీ బస్సు యాడ నిలబడాల? ఆ ఒక్క పొద్దూ వాన వద్దని సామికి ముందే చెప్పి పెడతా."