ఇసుకలో పడుకోబెట్టిన సీసాలు

మా పెద్దమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున, గుంటూరు ఆసుపత్రిలో. వినుకొండ పక్కనున్న మా ఊరి చర్చిలో, ఆమె ప్రభువునందు నిద్రించిందని ప్రకటించారు. ఆ మాట వింటే ఆమె ఒప్పుకునేది కాదు. ఊరికే నిద్రపోయే మనిషి కాదు. పట్టిన పట్టు వదిలే మనిషి అసలే కాదు.

ఆమె బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైంది. పెదనాన్న పోయాక, చర్చిలో రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్లకు వాడే ద్రాక్షారసం చేసే పని తనే అడిగి తీసుకుంది. నల్లద్రాక్ష చిదిమి, పంచదార కలిపి, దానికోసమే కొన్న జాడీలో పులియబెట్టేది. తేరాక వడకట్టి సీసాల్లో పోసి బెండు బిరడాలు బిగించేది. ఆ సీసాలను చర్చి పక్క గదిలో అటక మీద నిలబెట్టేవారు. పైన రేకులు. కింద కోత పండుగకు కానుకగా వచ్చిన మిరపకాయల బస్తాలు.

ఒక ఏడు ఎండలు తగ్గాక తీసిన సీసా నలుగురిలో ఆమె పరువు తీసింది. గిన్నె పెదవికి తగలగానే ముందు వరసలో వాళ్ళ మొహాలు ముడుచుకున్నాయి. రసం వెనిగర్ అయిపోయింది, పైగా మిరప ఘాటు. నేను పెద్దమ్మ పక్కనే మోకరించి ఉన్నాను. ఆమె మాత్రం మొహం చిట్లించకుండా తన వంతు తాగింది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. సంఘ పెద్ద ఒకప్పుడు ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడే. ఇకనుంచి టౌను నుంచి తెప్పిద్దామని, ఈ వయసులో టీచరుగారికి శ్రమ ఎందుకని మర్యాదగానే చెప్పాడు.

"శ్రమ నాదిరా. నీకేం కష్టం?" అంది పెద్దమ్మ. రసం చెడిందని ఒప్పుకుంది. మానేస్తానని మాత్రం అనలేదు.

వాళ్ళు టౌను నుంచే తెప్పించుకున్నారు. ఈమె ఇంట్లో చేస్తూనే ఉంది. చెడిన సీసాల బిరడాలన్నీ పీకి చూసింది. నిలబెట్టిన సీసాలో రసం తగలక బెండు ఎండి కుంచించుకుపోయింది, ఆ సందులోంచి గాలి దూరింది. మరుసటేడు కొన్ని సీసాలు నిలబెట్టి, కొన్ని పడుకోబెట్టి, కొన్నిటికి బిరడా మీద తేనెమైనం కరిగించి పోసి, అన్నీ రుచి చూసింది. పడుకోబెట్టి మైనం పోసినవే నిలిచాయి. దాంతో వంటింట్లో ఎండ పడని మూల ఇసుక పోయించి, నీళ్ళు చిలకరిస్తూ, సీసాలన్నీ అందులో పడుకోబెట్టింది. ఎండుమిర్చిని ఆ గదిలోకి రానిచ్చేది కాదు. మిరప పండే ఊళ్ళో అదెంత మాట! కూర పొయ్యి మీద ఉండగా కారం కోసం వరండాలోకి పరిగెత్తేవాళ్ళం.

"మూత బిగించాం కదాని నిశ్చింతగా ఉండకూడదే అమ్మాయ్. అది ఎండకుండా చూసుకోవాలి," అనేది నాతో.

చర్చికి రాలేక మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పాస్టరుగారు బల్ల ఇస్తారు. ఆయన ఒకసారి పెద్దమ్మ రసం రుచి చూసి, ఆ ఇళ్ళకు ఆమె సీసానే తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. కమిటీవాళ్ళు అడ్డు చెప్పబోతే, ఆయన మంచంలో ఉన్నవాళ్ళను అడిగి రమ్మన్నారట. ఎవరూ వెళ్ళలేదు.

చివరి రోజుల్లో సంఘ పెద్ద ఆసుపత్రికి వచ్చాడు. ప్రార్థన చేసి, ఆనాటి సంగతి మనసులో పెట్టుకోవద్దన్నాడు.

"ఎప్పుడో క్షమించేశానురా," అంది పెద్దమ్మ. ఊపిరి కూడదీసుకుని, "మరి రుచి చూశావా?" అని అడిగింది.

అతను తల దించుకున్నాడు.

"చూడకుండా వచ్చి ప్రార్థన చేశావా? ముందు రుచి చూడు." మంచం పక్కనున్న నా వైపు తిరిగి పడుకుంది.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ ఇంటికి చేరారు. నేను ఇసుకలోంచి ఒక సీసా తీసి మైనం గీకడం మొదలుపెట్టాను. ఇవాళ ఇదేం పనని వెనక ఎవరో గొణిగారు. నేను ఆపలేదు. స్టీలు గ్లాసులో పోసి, గడప దగ్గర నిలబడ్డ సంఘ పెద్ద చేతికిచ్చాను. గుక్క తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. మింగాక గోడకు ఆనుకుని కింద కూర్చుని, మిగిలింది కొంచెం కొంచెంగా తాగాడు. తర్వాత గ్లాసు వాకిలి వెలుగుకు ఒంపి, అడుగున మిగిలిన ఎర్రటి చుక్కను చూశాడు.