గేటు దగ్గర చల్లబడిన జ్వరం

ఆ వృద్ధాశ్రమంలో ఆమెను ముసలివాళ్ళు సైతం ఇనప్పిన్ని అనే పిలిచేవారు. మంచం దిగలేనివాళ్ళకు స్నానాలు చేయించడం ఆమె పని. అరచేతులు మొద్దుబారి చాలా కాలమైంది, అందుకని నీళ్ళ వేడిని మోచేతితో చూసుకునేది. చేరిన నాటినుంచి సెలవన్నది ఎరగదు. సెలవు పెట్టనివాళ్ళ ఉద్యోగమే ఖాయం చేస్తామని మేనేజరు అన్న మాటను కొంగున ముడేసుకుంది.

ఫ్లూ కాలం రాగానే నర్సు సూదులతో వరండాలో కూర్చుంది.

"చెయ్యి చాపు పిన్నీ. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"చీమ సంగతి సరే. రేపు ఒళ్ళు నొప్పులతో నేను లేవకపోతే వాళ్ళ వీపులు నువ్వు తోముతావా?"

"ఏదో ఒక పూట నలతగా ఉంటే ఉంటుంది. నువ్వు స్నానం చేయించే టీచరమ్మకు వేశాం గానీ, ఆ వయసులో టీకా అంతగా పట్టదు. దగ్గర మసిలే నువ్వూ వేయించుకుంటేనే ఆవిడకు కాపుదల."

"ఇనుముకు తుప్పు పడుతుంది గానీ జ్వరం రాదులేవే," అని ఇనప్పిన్ని బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది.

జ్వరం వచ్చింది. ఎముకలు విరిచినట్టున్నా తెల్లవారగానే బయల్దేరింది. గేటు దగ్గర నుదుటికి జ్వరం కొలిచే మిషను పెట్టి చూస్తారు. కాలితే వెనక్కి పంపేస్తారు, ఆ రోజు సెలవు కింద పడుతుంది. అందుకే పనివాళ్ళంతా ఎదుటి టీ బడ్డీలో జ్వరం తగ్గే మాత్ర మింగి మరీ గేటు దాటడం నేర్చారు. నేర్పింది గేటు కాసేవాడే.

"పెనంలా ఉన్నావక్కా. మాత్ర పడ్డాక రా. నేనింకా నిన్ను చూళ్ళేదు," అన్నాడతను.

చెమట పట్టాక మళ్ళీ వచ్చింది. మిషను ఆమెను లోపలికి పంపింది.

స్నానాల గది ఆవిరికి మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుంటే గడ్డం కిందికి లాగేసింది. టీచరమ్మకు వీపు తోముతుంటే ఆవిడ మెల్లగా అడిగింది:

"ఏమే, నీళ్ళకంటే నీ చేతులే వేడిగా ఉన్నాయేం?"

"మీ మీద ప్రేమండీ."

"ఆ దగ్గు కూడా ప్రేమేనా?"

ఇనప్పిన్ని నవ్వబోయి మళ్ళీ దగ్గింది.

కొద్ది రోజులకు టీచరమ్మ పడకేసింది. పడిశమే కదా అని మొదట ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు వచ్చి ఫ్లూ మందు మొదలుపెట్టేసరికే అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆవిడ పోయింది. ఎక్కణ్ణుంచి అంటిందోనని నర్సు వాపోతుంటే గేటు కాసేవాడు చెప్పుల వంక చూసుకున్నాడు. ఆఖరి స్నానం కూడా ఇనప్పిన్నే చేయించింది. అలవాటు కొద్దీ నీళ్ళను మోచేతితో చూసింది.

నెలాఖరున మేనేజరు పిలిచాడు.

"మీలాంటివాళ్ళు ఉండబట్టే ఈ ఇల్లు నడుస్తోంది పిన్నిగారూ. మీ ఉద్యోగం ఖాయమైంది. ఇక జ్వరమొస్తే హాయిగా ఇంట్లో పడుకోండి, జీతం కోయరు. ఖాయమైనవాళ్ళకు ఆ సౌకర్యం ఉంది."

ఆమె తల ఊపి, తిన్నగా నర్సు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఇప్పుడు ఒళ్ళు నొప్పుల భయం లేదా?" అంది నర్సు నిష్ఠూరంగా.

"రేపు లేవకపోయినా పర్వాలేదట," అంది ఇనప్పిన్ని.